ఇల్లు అమ్మే ముందు ఏమేం చూసుకోవాలి? వేములఘాట్ ఇళ్లు చెప్పే లెక్క

ఇల్లు అమ్మకానికి పెట్టాలంటే చాలామంది ముందు ధర అడుగుతారు. గజం ఎంత పలుకుతోంది, పక్క గల్లీలో ఎంతకు పోయింది, బ్రోకర్ ఎంత అంటున్నాడు అని. కానీ ధర కంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంటి హాలత్. గోడ ఎట్లుంది, కప్పు ఎట్లుంది, కొలత ఎంత, ఎప్పుడు కట్టింది, ఎవరి పేరు మీద ఉంది అనే ఈ ఐదు సంగతులు ఇంటివాళ్ల దగ్గర రాతలో ఉంటే ధర మాట్లాడడం తేలిక. లేకుంటే ఎదుటివాళ్లు రాసిందే లెక్క అవుతుంది.

ఈ మాట సిద్దిపేట జిల్లాలో మల్లన్నసాగర్ ముంపు ఊళ్ల కుటుంబాలకు ఎవరూ వేరుగా చెప్పనవసరం లేదు. తొగుట మండలంలోని వేములఘాట్ ఇప్పుడు రిజర్వాయర్ నీళ్ల కింద ఉంది. అక్కడి ఇల్లు ఎంత పెద్దదో, గోడ ఎంత మందమో ఇప్పుడు పోయి కొలవలేం. అప్పుడు కాగితం మీద ఏం రాశారో అదే మిగిలింది.

వేములఘాట్‌లో ఏం జరిగింది

కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో అన్నిటికన్నా పెద్ద రిజర్వాయర్ మల్లన్నసాగర్. దీని సామర్థ్యం 50 టీఎంసీలు. వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్, లక్ష్మాపూర్, రాంపూర్ లాంటి ఊళ్లు దీని కింద ముంపులోకి పోయాయి.

భూముల కోసం అప్పటి రాష్ట్ర ప్రభుత్వం 2015 జూలై 30న 123వ నంబరు జీవో తెచ్చింది. ఇది భూసేకరణ చట్టం దారి కాదు. రైతు ఇష్టపడి అమ్ముతాడు, సర్కారు కొంటుంది అనే పద్ధతి. అంటే కాగితం మీద అది మామూలు అమ్మకమే. దీన్ని ఒప్పుకోని వేములఘాట్ జనం 2013 చట్టం ప్రకారమే పరిహారం ఇవ్వాలని 2016 జూన్‌లో రిలే నిరాహార దీక్షలకు కూర్చున్నారు. ఆ దీక్షలు వందల రోజులు సాగాయి. 2016 ఆగస్టు 3న హైకోర్టు సింగిల్ జడ్జి ఆ జీవోను కొట్టేశారు. ఆ తర్వాత కూడా కేసులు, అప్పీళ్లు చాలా నడిచాయి. చివరికి 2021 నాటికి ఊరు ఖాళీ అయ్యింది. కుటుంబాలు గజ్వేల్ దగ్గర ముట్రాజ్‌పల్లిలో కట్టిన పునరావాస కాలనీకి వచ్చాయి. 2022 ఫిబ్రవరి 23న అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు రిజర్వాయర్‌ను ప్రారంభించారు.

ఈ కథలో రాజకీయం ఎంతైనా ఉంది. కానీ ఇల్లు అమ్మే ప్రతి కుటుంబానికి పనికొచ్చే సంగతి వేరే ఉంది. కొనేది సర్కారైనా, పక్కింటి సాబ్ అయినా, ఇంటి విలువ కట్టే పద్ధతి దాదాపు ఒకటే.

చట్టం ఇంటిని ఎట్ల చూస్తుంది

2013 భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఇళ్లకు సంబంధించి గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవి.

సెక్షన్ 27 ప్రకారం భూమి మీద ఉన్న ఆస్తులన్నీ పరిహారం లెక్కలోకి రావాలి. ఇల్లు, కొట్టం, ప్రహరీ, బాయి, బోరు అన్నీ ఇందులోకే వస్తాయి. సెక్షన్ 29 ప్రకారం ఇంటి విలువ కట్టడానికి కలెక్టర్ ఇంజినీర్ సాయం తీసుకోవచ్చు, చెట్లకైతే ఆ పని తెలిసిన నిపుణుల సాయం తీసుకోవచ్చు. సెక్షన్ 30 ప్రకారం లెక్క తేలిన పరిహారానికి ఇంకో 100 శాతం సొలేషియం కలపాలి. అంటే ఇంటి విలువలో ఒక లక్ష తక్కువ రాస్తే నష్టం ఒక లక్షతో ఆగదు, రెండు లక్షలవుతుంది.

సెక్షన్ 12 కూడా ముఖ్యమే. యజమాని గానీ, ఆయన రాతపూర్వకంగా పంపిన మనిషి గానీ లేకుండా సర్వే చేయకూడదు. యజమాని లేకుండా చేయాలంటే కనీసం 60 రోజుల ముందు నోటీసిచ్చి, హాజరయ్యే అవకాశం ఇవ్వాలి. కొడుకులు దుబాయ్‌లోనో, సౌదీలోనో ఉండి ఇంట్లో ముసలివాళ్లు మాత్రమే ఉన్న కుటుంబాలకు ఇది చాలా అవసరమైన నిబంధన. ఇంటి లెక్క తెలిసిన మనిషికి ముందే ఒక అధికార పత్రం రాసి పెట్టుకోవాలి.

ఒక చిన్న లెక్క

విలువ కట్టే ఇంజినీర్ సాధారణంగా రెండు అంకెలతో మొదలుపెడతాడు. ఒకటి ప్లింత్ ఏరియా, రెండోది ఇంటి వయసు. ఈ రెండిట్లో తేడా వస్తే ఎంత పోతుందో చూడాలి. కింది రేట్లు లెక్క అర్థమయ్యేందుకు మాత్రమే తీసుకున్నవి.

ప్లింత్ ఏరియా అంటే గోడల మందం కూడా కలుపుకుని బయటి నుంచి తీసే కొలత. లోపలి కొలత వేరు. బయట 30 అడుగులు, 30 అడుగులు ఉన్న ఇల్లు 900 చదరపు అడుగులు. పాత మట్టి గోడ అడుగున్నర మందం ఉంటుందనుకుంటే లోపల 27కు 27, అంటే 729 చదరపు అడుగులే. కొలిచేవాళ్లు టేపు లోపల పెడితే 171 చదరపు అడుగులు అక్కడే పోయినట్టు. అడుగుకు 1,500 రూపాయలు అనుకుంటే 2,56,500 రూపాయల తేడా.

ఇప్పుడు వయసు. 900 అడుగుల ఇంటికి అదే రేటుతో కొత్తగా కట్టే ఖర్చు 13,50,000. ఇంటి ఆయుష్షు 60 ఏళ్లు, చివరికి మిగిలే పాత సామాను విలువ 10 శాతం అనుకుందాం. 20 ఏళ్ల ఇల్లయితే తరుగుదల 30 శాతం, మిగిలేది 9,45,000. అదే ఇల్లు 30 ఏళ్లదని రాస్తే తరుగుదల 45 శాతం, మిగిలేది 7,42,500. పదేళ్లు ఎక్కువ రాసినందుకు 2,02,500 పోయింది. సొలేషియం కూడా కలిపితే పోయింది 4,05,000.

అందుకే ఇల్లు ఎప్పుడు కట్టారో చెప్పే రుజువు పైసలతో సమానం. మొదటి కరెంటు బిల్లు, పంచాయతీ పర్మిషన్, మొదటి ఇంటి పన్ను రసీదు, సిమెంటు, ఇనుము కొన్న రసీదులు, ఇంట్లోకి దిగిన రోజు తీసుకున్న ఫొటో, ఏది దొరికితే అది దాచుకోవాలి. పాత ఇంటికి తర్వాత కొత్త అర్రలు కలిపితే ఆ భాగం వయసు వేరుగా చూపించాలి. లేకుంటే మొత్తం ఇంటికి పాత వయసే వేసే ప్రమాదం ఉంటుంది.

మట్టి గోడ, పెంకుటిల్లు

ఊళ్లలో ఇంకా మట్టి గోడల ఇళ్లు, గూన పెంకుల ఇళ్లు, బెంగుళూరు పెంకుల ఇళ్లు ఉన్నాయి. వీటిని చూసేటప్పుడు కింది నుంచి పైకి పోవాలి.

ముందు గోడ అడుగు భాగం. వానకాలంలో చూరు నీళ్లు గోడ మొదట్లో పడి మట్టి కరిగిందా, ఉప్పు పూసినట్టు తెల్లగా పొడి రాలుతోందా చూడాలి. అట్ల ఉంటే నీళ్లు కింది నుంచి ఎక్కుతున్నాయని అర్థం. రంగు వేస్తే అది ఒక్క వానకాలం కూడా ఆగదు. ముందు నీళ్లు గోడకు దూరంగా పోయే దారి చేయాలి.

తర్వాత గోడ నిలువు. ఒక దారానికి రాయి కట్టి పై నుంచి వేలాడదీస్తే గోడ లోపలికి వంగిందా, బయటికి ఉబ్బిందా తెలిసిపోతుంది. మూలల దగ్గర రెండు గోడలు విడిపోయి సందు వచ్చిందా కూడా చూడాలి.

ఆ తర్వాత కట్టె. దూలాలు, వాసాలు, దర్వాజ చౌకట్లను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడాలి. పైకి గట్టిగా కనిపించినా లోపల చెదలు తినేసి ఉంటే మొన సులువుగా దిగుతుంది. దూలం గోడలోకి దూరే చోట ముఖ్యంగా చూడాలి. తడి, చెదలు రెండూ అక్కడే మొదలవుతాయి. పాత టేకు దూలాలు, చెక్కిన దర్వాజలు బాగుంటే వాటికి వేరే ధర ఉంటుంది. ఇంటితో పాటు పోతాయా, తీసుకుపోతామా అన్నది బేరంలోనే తేల్చాలి.

చివరికి కప్పు. పట్టపగలు ఇంట్లో దీపాలు ఆర్పేసి పైకి చూస్తే వెలుగు ఎక్కడ దూరుతోందో అక్కడే పెంకు పగిలింది. ఆ వెలుగు దారే వాన దారి.

స్లాబు ఇల్లు

గోడ మీద గీత కనపడగానే భయపడొద్దు, అట్లని వదిలేయొద్దు. ప్లాస్టర్ మీద గోరు కూడా పట్టని సన్న గీతలు దాదాపు ప్రతి ఇంట్లో ఉంటాయి. కిటికీ మూల నుంచి, దర్వాజ మూల నుంచి అడ్డంగా ఏటవాలుగా పోయే చీలిక, గోడకు రెండు పక్కలా కనిపించే చీలిక, నాలుగైదు మిల్లీమీటర్లు దాటిన చీలిక ఉంటే మాత్రం ఇంజినీర్‌కు చూపించాలి.

చీలిక పాతదేనా, ఇంకా పెరుగుతోందా అని తెలుసుకునే పద్ధతి ఒకటుంది. చీలికకు అడ్డంగా చిన్న గాజు ముక్కను రెండు వైపులా సిమెంటుతో అతికించి తేదీ రాయాలి. రెండు మూడు నెలల్లో గాజు పగిలితే గోడ కదులుతున్నట్టే. నల్లరేగడి నేల మీద కట్టిన ఇళ్లలో ఇది ఎక్కువ. ఆ నేల వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పునాది తక్కువ లోతులో ఉంటే గోడ దాంతోపాటే కదులుతుంది. అందుకే ఒకసారి వానకాలంలో, ఒకసారి ఎండాకాలంలో చూస్తే నిజం బయటపడుతుంది.

స్లాబు కింద ముదురు గోధుమ రంగు మరకలు, ఊడిన పెచ్చులు, బయటపడ్డ ఇనుప చువ్వలు ఉన్నాయా చూడాలి. చువ్వ తుప్పు పడితే ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కర్రతో మెల్లగా తట్టినప్పుడు బోలుగా మోగితే లోపల విడిపోయిందని గుర్తు. పైకి సిమెంటు పూసి సున్నం వేస్తే కొనేవాళ్ల కంట్లో కొన్నాళ్లు పడకపోవచ్చు. కానీ తుప్పు ఆగదు. పెచ్చు మొత్తం తీసి, చువ్వ శుభ్రం చేసి, దెబ్బతిన్న చోట మళ్లీ కట్టాలి.

మిద్దె మీద నీళ్లు నిలుస్తున్నాయా అని చూడాలంటే గొట్టాలు మూసి చుట్టూ చిన్న గట్టు కట్టి రెండు రోజులు నీళ్లు నిలపాలి. కింద తడి కనపడిన చోటును సుద్దతో గుర్తు పెట్టుకోవాలి. కప్పు ఇప్పటికే బలహీనంగా ఉంటే ఈ పరీక్ష చేయొద్దు, వాన పడిన రోజు చూస్తే చాలు.

నీళ్లు, కరెంటు, మోరి

బాత్రూం గోడకు ఆనుకుని ఉన్న అర్రలో కింద రంగు లేస్తోందంటే పైపు ఎక్కడో కారుతోంది. అన్ని నల్లాలు కట్టేసి రాత్రి ట్యాంకులో నీళ్ల మట్టం గుర్తు పెట్టి పొద్దున చూస్తే కారుతోందా లేదా తెలుస్తుంది.

కరెంటు విషయంలో ఎర్తింగ్ ఉందా, మీటరు ఎవరి పేరు మీద ఉంది, పాత బకాయి ఉందా చూసుకోవాలి. షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే 30 మిల్లీయాంపియర్ల బ్రేకర్ పెట్టిస్తే అమ్మేదాకా ఇంట్లో ఉండేవాళ్లకూ మేలే.

సెప్టిక్ ట్యాంకు ఎక్కడుందో, చివరిసారి ఎప్పుడు ఖాళీ చేశారో చెప్పగలగాలి. ట్యాంకుకు, బోరుకు మధ్య దూరం కనీసం 50 అడుగులు ఉంటే మంచిది. బోరు ఎంత లోతు, ఎండాకాలంలో ఎన్ని గంటలు పోస్తుంది అన్నది కొనేవాళ్లు తప్పక అడిగే ప్రశ్న. ఏప్రిల్, మే నెలల్లో ఒక చిన్న వీడియో తీసి పెట్టుకుంటే అదే జవాబు.

పునరావాస కాలనీ ఇల్లు అమ్మాలంటే

పునరావాస కాలనీల్లో ఇల్లు గానీ, 250 గజాల ప్లాటు గానీ వచ్చిన కుటుంబాల ముందు ఇప్పుడు ఇంకో ప్రశ్న ఉంది. పిల్ల పెళ్లికో, వైద్యానికో అమ్మాల్సి వస్తే ఎట్ల అని. ఇక్కడ గోడల కంటే ముందు పట్టా చూడాలి.

2013 చట్టం రెండో షెడ్యూల్ ప్రకారం నిర్వాసిత కుటుంబానికి ఇచ్చే స్థలం, ఇల్లు ఏ అప్పు, ఏ తగాదా లేకుండా ఉండాలి. భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉమ్మడిగా ఇవ్వొచ్చు. రిజిస్ట్రేషన్ ఖర్చు ప్రాజెక్టు వాళ్లే భరించాలి. కాబట్టి చేతిలో ఉన్నది రిజిస్టర్ అయిన దస్తావేజా, పట్టా కాగితమా, లేక కేటాయింపు పత్రం మాత్రమేనా అన్నది ముందు తేల్చుకోవాలి. అందులో అమ్మకూడదనే షరతు ఏదైనా రాసి ఉందా, ఎన్నేళ్ల వరకు అని ఉందా చదవాలి. పేదలకు అసైన్ చేసిన భూమి అమ్మకాన్ని 1977 నాటి 9వ చట్టం నిషేధిస్తుంది. అలాంటి భూమికి బాండు పేపర్ మీద రాసుకున్న అమ్మకం చెల్లదు. కొన్నవాళ్ల పైసలూ పోతాయి, అమ్మినవాళ్ల ఇల్లూ చిక్కులో పడుతుంది.

ఇంకొకటి. ఉమ్మడి పేరు మీద ఉంటే భార్య సంతకం లేకుండా అమ్మకం జరగదు. ఇంట్లో ఆడవాళ్లకు తెలియకుండా బయానా తీసుకునే అలవాటు ఇక్కడ పనికిరాదు.

కాగితాల తనిఖీ

గోడ బాగున్నా కాగితం బాగులేకపోతే ధర పడిపోతుంది. చూసుకోవాల్సినవి ఇవి.

ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్: తెలంగాణ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి జరిగిన లావాదేవీలు దొరుకుతాయి. అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి.

గ్రామకంఠం ఇళ్లు: చాలా పాత ఇళ్లకు దస్తావేజే ఉండదు. ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ రికార్డులో పేరు, కరెంటు మీటరు, వీటితోనే స్వాధీనం చూపించాల్సి వస్తుంది. తాత పేరు మీద ఉన్న ఇంటి నంబరును ముందే మార్పించుకుంటే మంచిది.

వ్యవసాయ భూమిలో కట్టిన ఇల్లు: నాలా మార్పిడి జరగకపోతే రికార్డులో అది ఇంకా చేనే. ఆ రికార్డులు ఇప్పుడు భూ భారతి పోర్టల్‌లో ఉంటాయి, రిజిస్ట్రేషన్ తహసీల్దార్ ఆఫీసులో జరుగుతుంది.

నిషేధిత జాబితా: సర్వే నంబరు 22ఏ జాబితాలో ఉందా చూడాలి. ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఖబ్రస్తాన్, దర్గా, మసీదు పక్కన ఉన్న ఇళ్లు అయితే వక్ఫ్ రికార్డు కూడా చూసుకోవాలి. వక్ఫ్ ఆస్తిని అమ్మడం, హిబా ఇవ్వడం చట్టప్రకారం చెల్లదు. ఎన్ని తరాల నుంచి ఉంటున్నా సరే.

వరాసత్ తేలకుండా అమ్మొద్దు

మన ఇళ్లలో అమ్మకాలు ఆగిపోయేది ఎక్కువగా ఇక్కడే. అబ్బా పేరు మీద ఇల్లు, ఆయన పోయి పదేళ్లు, కాగితం అట్లనే ఉంది. ఇలాంటి ఇంట్లో ఉంటున్న కొడుకు ఒక్కడే యజమాని కాడు.

ముందు కఫన్ దఫన్ ఖర్చు, అప్పులు తీసేయాలి. మెహర్ బాకీ ఉంటే అది కూడా అప్పే. వసీయత్ ఉంటే మిగిలినదాంట్లో మూడో వంతు దాటకూడదు. ఆ తర్వాత వాటాలు. భార్య, ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్లు ఉన్నారనుకుందాం. ఇల్లు 16 లక్షలకు పోతే భార్యకు ఎనిమిదో వంతు, అంటే 2 లక్షలు. మిగిలిన 14 లక్షల్లో కొడుకుకు 7 లక్షలు, ఒక్కో కూతురికి 3.5 లక్షలు. చనిపోయినాయన తల్లి బతికి ఉంటే ఆమెకు ఆరో వంతు ముందే పోతుంది.

ఆడపిల్లలకు పెళ్లి ఖర్చు పెట్టాం కదా, వాటా ఎందుకని అనుకునే ఇళ్లున్నాయి. పెళ్లి ఖర్చు వాటాకు బదులు కాదు. చెల్లె తన వాటా వదులుకుంటానంటే అది ఆమె ఇష్టం, కానీ అది రిజిస్టర్ అయిన కాగితం మీద ఉండాలి. లేకుంటే ఇరవై ఏళ్ల తర్వాత ఆమె పిల్లలు కోర్టుకు పోవచ్చు, కొన్నవాళ్లు ఇరుక్కుంటారు.

వారసుల్లో మైనర్ ఉంటే ఇంకా జాగ్రత్త. ముస్లిం లా ప్రకారం తండ్రి పోయిన తర్వాత తల్లి పిల్లల్ని పెంచేదే అయినా వాళ్ల ఇంటి వాటాను తన సంతకంతో అమ్మలేదు. 1890 గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు అనుమతి తీసుకోవాలి.

నోటి మాట హిబా మన లాలో చెల్లుతుంది. ఇస్తున్నానని చెప్పడం, తీసుకున్నానని ఒప్పుకోవడం, స్వాధీనం అప్పగించడం, ఈ మూడూ జరిగి ఉండాలి. కానీ కొనేవాళ్లకు, బ్యాంకుకు కాగితం కావాలి. కాబట్టి హిబా జరిగిన సంగతి సాక్షులు బతికి ఉండగానే రాయించుకోవాలి.

ఏది బాగు చేయించాలి, ఏది చెప్పాలి

అన్నీ బాగు చేయించి అమ్మాలని లేదు. నీటి లీకు, విరిగిన మెట్టు, ప్రమాదంగా ఉన్న కరెంటు వైరు, పగిలిన పెంకులు, మూసుకుపోయిన మోరి, ఇవి చేయించాలి. ఖర్చు తక్కువ, ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లకు నమ్మకం ఎక్కువ. కొత్త మార్బుల్, ఫాల్స్ సీలింగ్, ఖరీదైన కిచెన్ లాంటివి అమ్మే ముందు పెడితే పెట్టిన పైసలు మొత్తం తిరిగి రావడం కష్టం.

పెద్ద లోపం ఉంటే దాచొద్దు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, కొనేవాళ్లు మామూలుగా చూస్తే కనపడని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవాళ్లు చెప్పాలి. మన ఫిఖ్‌లో కూడా సరుకులో ఐబ్ దాచిపెడితే కొన్నవాళ్లకు బేరం రద్దు చేసుకునే హక్కు ఉంది, దాన్నే ఖియారుల్ ఐబ్ అంటారు. స్లాబు కారుతుందని చెప్పి 50 వేలు తగ్గించి అమ్మినవాళ్లు ఆ రోజే నిశ్చింతగా ఉంటారు.

బయానా తీసుకునేటప్పుడు 20 వేలు, అంతకు మించి నగదు తీసుకోవద్దు. ఆస్తి బేరంలో అది ఇన్‌కం ట్యాక్స్ చట్టానికి వ్యతిరేకం. ఇంటి ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ కోస్తారు. రెండేళ్లకు పైగా ఉన్న ఇల్లు అమ్మితే వచ్చిన లాభం మీద పన్ను 12.5 శాతం. 2024 జూలై 23కు ముందు కొన్న ఇల్లయితే ధరల పెరుగుదల తీసేసి 20 శాతం లెక్క కూడా చూసుకోవచ్చు, రెండిట్లో ఏది తక్కువైతే అది. ఆ లాభంతో రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా పన్నులో మినహాయింపు ఉంది. భూసేకరణ అవార్డు కింద వచ్చిన పరిహారానికి మాత్రం 2013 చట్టం సెక్షన్ 96 ప్రకారం ఇన్‌కం ట్యాక్స్ లేదు.

కొనేది సర్కారైతే

వేములఘాట్‌తో ఈ సంగతి అయిపోలేదు. ఉత్తర భాగం రీజనల్ రింగ్ రోడ్డు తూప్రాన్, గజ్వేల్ మీదుగా పోతోంది. కాలువలు, రైలు లైన్లు, రోడ్ల వెడల్పు పనులు వస్తూనే ఉంటాయి. జాతీయ రహదారి కోసం తీసుకునే ఇళ్లకూ పరిహారం లెక్క 2013 చట్టం మొదటి షెడ్యూల్ ప్రకారమే ఉంటుంది. లెక్క ఒప్పుకోకపోతే అక్కడ ఆర్బిట్రేటర్ దగ్గరికి పోవాలి.

మామూలు అమ్మకంలో ధర నచ్చకపోతే ఇల్లు ఇవ్వకుండా ఉండొచ్చు. సేకరణలో ఆ వీలు లేదు. కాబట్టి పోరాడాల్సింది రాత మీదే.

ఇంజినీర్ రాకముందే సొంతంగా కొలతలు తీసి గీసిన పటం, ప్రతి అర్ర నాలుగు మూలల ఫొటోలు, తేదీ ఉన్న వీడియో సిద్ధంగా పెట్టుకోవాలి. వీలైతే ప్రైవేటు లైసెన్స్డ్ ఇంజినీర్‌తో ఒక రిపోర్టు రాయించాలి. పంచనామా మీద సంతకం పెట్టే ముందు మొత్తం చదివించుకోవాలి. కొట్టం, బోరు, చెట్లు రాశారా చూసుకోవాలి. రాయకపోతే సంతకం పక్కనే ఆ మాట రాసి, కాపీ అడగాలి. ఖాళీ ఫారం మీద ఎవరడిగినా సంతకం పెట్టొద్దు.

అవార్డు తక్కువ అనిపిస్తే సెక్షన్ 64 కింద రాతపూర్వకంగా కలెక్టర్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి, ఆయన దాన్ని అథారిటీకి పంపాలి. అవార్డు చెప్పిన రోజు హాజరై ఉంటే గడువు 6 వారాలు. లేకుంటే నోటీసు అందిన 6 వారాలు, లేదా అవార్డు తేదీ నుంచి 6 నెలలు, ఏది ముందైతే అది. ఇంకా ముఖ్యమైనది, పైసలు తీసుకునేటప్పుడు అభ్యంతరంతో తీసుకుంటున్నామని రాసి సంతకం పెట్టాలి. ఆ ఒక్క వాక్యం రాయకుండా తీసుకుంటే సెక్షన్ 77 ప్రకారం ఎక్కువ అడిగే హక్కు పోతుంది. ఇష్టపడి అమ్ముతున్నామని ఒప్పందం మీద సంతకం పెట్టినవాళ్లకైతే తర్వాత ఆ ఒప్పందమే అడ్డొస్తుంది. అందుకే అలాంటి కాగితం లాయర్‌కు చూపించకుండా ముట్టొద్దు.

ఊరు మొత్తం కదిలే చోట ఇంటి లెక్కతో ఆగొద్దు. చట్టం మూడో షెడ్యూల్ ప్రకారం కొత్త కాలనీలో తాగునీళ్లు, రోడ్లు, బడి, ప్రార్థనా స్థలం ఉండాలి. ఆయా సమాజాల ఆచారం ప్రకారం ఖబ్రస్తాన్ లేదా శ్మశానానికి స్థలం ఉండాలి. కొత్త చోట మయ్యత్‌ను ఎక్కడికి తీసుకుపోవాలన్న ప్రశ్న సామాను కట్టిన తర్వాత కాదు, గ్రామసభ రోజే అడగాల్సింది.

ఒక్క ఫైలు చాలు

ఇంటికి ఒక ఫైలు పెట్టుకుంటే పై పనులన్నీ సగం అయినట్టే. అందులో బయటి కొలతల పటం, కట్టిన సంవత్సరానికి రుజువు, దస్తావేజు, ఈసీ, ఇంటి పన్ను, కరెంటు రసీదులు, వారసుల పేర్ల జాబితా, ఇంట్లో ఉన్న లోపాల చీటీ, చేయించిన రిపేర్ల బిల్లులు, ఏడాదికోసారి తీసిన ఫొటోలు ఉండాలి. కాపీలు ఫోన్‌లోనే కాకుండా ఊరి బయట ఉన్న కొడుకు దగ్గరో, కూతురి దగ్గరో కూడా ఒక సెట్ ఉంచాలి. ఇల్లు ఇప్పుడే అమ్మేది లేకున్నా సరే, ఈ జుమా తర్వాత ఒక గంట కూర్చుంటే మొదటి నాలుగు కాగితాలు చేతికొస్తాయి.